కింది పొర

కారలు తెస్తున్నానని కోడలంటే దుర్గాంబగారికి కారాలని వినపడింది. గుంటూరు మనిషి ఓడరేవు దాకా బస్సెక్కి వెళ్ళి కారాలు తేవడమేమిటని విస్తుపోయి, కాలేజీ పంతులమ్మలకి అదొక వెర్రి కాబోలని ఊరుకుంది. ఏడాదిపాటు జ్ఞానప్రసూన ఆమాట సరిదిద్దలేదు. గురువారం పొద్దున్నే రేవులో వెంకటరావమ్మ దగ్గర చేపలు కొని, మంచుగడ్డల డబ్బాలో సర్ది, మధ్యాహ్నం వంట తప్పదు గనక ఇంటిముందు రిక్షా ఆపి, డబ్బా అందులోనే ఉంచి లోపలికి పరిగెత్తేది. ఒక గురువారం రిక్షా ఒరిగి మూత ఊడింది. కడిగి ముగ్గేసిన వాకిట్లో అరడజను కారచేపలు వెండి బిళ్ళల్లా పడ్డాయి.

అత్తగారు అరవలేదు. అరిచినా బాగుండేది. ఆరోజు నుంచి బావి దగ్గర నెత్తిన నీళ్ళు పోసుకుంటేగాని గడప దాటకూడదంది. వండేది మడిలో, తినేది మైలలో, అదీ అందరూ లేచాక.

"నేను చూసుకుంటాలే అమ్మా" అన్నాడు కొడుకు త్యాగరాజు, గొంతు తగ్గించి.

పేరులో త్యాగం పెళ్ళానికిచ్చి, రాజుని తనుంచుకున్న మనిషి. ప్రసూన కాలేజీలోనే, ఆమె శాఖలోనే లెక్చరరు. ఆయన గొంతు తగ్గిన ప్రతిసారీ ఇంట్లో ఆమెదొకటి మాయమయ్యేది. మొదట రేడియో. తర్వాత హాస్టలు స్నేహితురాలి ఉత్తరాలు. ఈసారి ల్యాబు తాళంచెవి. "నువ్వు అలిసిపోతున్నావు, ఇకనించి నాతో కలిసి వెళ్దువుగాని" అని నవ్వాడు. ఎంత ప్రేమో అంది పక్కింటావిడ.

ప్రసూన వెతుకుతున్నది చిన్న సంగతే. కారచేప గొంతు చుట్టూ ఒక తిత్తి ఉంటుంది. అందులో వెలుగునిచ్చే సూక్ష్మజీవులు కాపురముంటాయి. సముద్రంలో కోటి రకాలుండగా చేప ఆ ఒక్క రకాన్నే ఎలా గుర్తుపట్టి రానిస్తుంది? ఆ జీవి ఒంటిమీద కప్పుకున్న చక్కెర గొలుసుల్ని బట్టేనేమోనని ఆమె అనుమానం. ఎలాంటి కోక కట్టుకుంటే ఏ గుమ్మం తెరుచుకుంటుందో తనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? కాకపోతే చేప, లోపలికి రానిచ్చినదాన్ని పోషిస్తుంది.

ఆ గొలుసుల్ని విడదీయాలంటే జీవుల్ని నీళ్ళలోనూ ఫినాల్లోనూ కలిపి వేడిచెయ్యాలి. చల్లారాక రెండు పొరలవుతాయి. పైది నీళ్ళు, కిందది ఫినాలు. చక్కెర పైకి వస్తుందని పాఠం. కిందది పారబొయ్యడం ల్యాబు ఆచారం. ఎన్నిసార్లు చేసినా ప్రసూనకి పై పొరలో ఏమీ రాలేదు. చివరికి అటెండరు నాగూర్ వలి పారబోయబోతున్న కింది పొరని ఆపింది. దాన్ని సన్నటి పొరసంచిలో కట్టి నాలుగు రోజులు పారే నీళ్ళలో ఉంచి, ఫినాలంతా పోయాక పరీక్ష చేస్తే, గొట్టంలో చిక్కటి ఆకుపచ్చ తేలింది. చక్కెర ఉంది. ఆరోజు కసికొద్దీ సీసాలకి కాయితాలంటించింది. పై పొరకి మడి, కింది పొరకి మైల. నోటుబుక్కులోనూ అలాగే రాసింది: గొలుసులు మైలలో దొరికినవి.

ఆ నోటుబుక్కుకి ఫెయిరు ప్రతి తీసింది పతి. సెమినారు పేపర్లో పేరు ఆయనది. ఆమెది అడుగున, సహకరించిన శ్రీమతికి కృతజ్ఞతలు అన్నచోట. ప్రసూన దాన్ని చూసింది సెమినారు పొద్దున, ఇడ్లీలు వడ్డిస్తూ. పట్టికలో తన అంకెలే ఉన్నాయి. పొర మాత్రం మారింది, కిందది పైదైంది.

"మైలలో ఏముంటుందే? పరధ్యానంలో రాసుంటావు. దిద్దాను" అన్నాడు. ఆమె నోరు తెరవబోతే గొంతు ఇంకా తగ్గించాడు. "ఇవాళ అమ్మ కూడా వస్తోంది. నువ్వు వెనక కూర్చో. నాలుగు నెలలు సెలవు పెడుదువుగాని, విశ్రాంతి."

ఈసారి మాయమయ్యేది ఉద్యోగమేనని ఆమెకి అర్థమైంది. 

హాల్లో ముందు వరసలో పట్టుచీరతో దుర్గాంబగారు. త్యాగరాజు బాగా మాట్లాడాడు. చప్పట్లయ్యాక వాల్తేరు యూనివర్సిటీనుంచి వచ్చిన ప్రొఫెసరు లక్ష్మీనరసింహంగారు కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగారు. "ఇదే జీవి పై పొరని మేం మూడేళ్ళు చూశామండీ. ఏమీ లేదు. మీకిన్ని అంకెలెలా వచ్చాయి? ఇంకెవరైనా అయితే కల్పించారనేవాణ్ణి."

త్యాగరాజు నవ్వాడు. "ప్రయోగాలు మా ఆవిడ చేసిందండి. పొరపాటుంటే ఆవిడదే. ఆడవాళ్ళకి ఇంటి ధ్యాస."

అంకెలు ఆయనవి, పొరపాటు మాత్రం ఆమెది. ప్రసూన లేచింది. వెనక వరసనుంచి బోర్డు దాకా చాలా దూరమనిపించింది. దారిలో ఆయన, పెదవులు కదలకుండా, ఇంటికి పద మాట్లాడదాం అన్నాడు. ఇంత మెల్లగా ఆయనెప్పుడూ మాట్లాడలేదు. ఇక మాయం చెయ్యడానికి ఇంట్లో మిగిలింది తనేనని ఆమెకి తోచింది. అయినా సుద్దముక్క తీసుకుంది.

రెండు పొరలూ గీసింది. ఏ చేప, ఏ తిత్తి, ఎన్నిసార్లు కాచిందీ, పారబొయ్యబోతే ఎలా ఆపిందీ, అన్నీ వరసగా చెప్పింది. ముందు వరసలో పట్టుచీర లేచి వెళ్ళిపోవడం కనపడింది. ఆగలేదు.

"అంకెలు కల్పించినవి కావండి" అంది, అందరికీ వినపడేలా. "మా ఇంట్లో మడి మైల పట్టింపు ఎక్కువ. సీసాలకి ఆ పేర్లే పెట్టాను. చక్కెర మైలలో ఉందని రాశాను. మైలలో మంచిదేదీ ఉండదని మావారు నమ్మి, మడి అని దిద్దారు. అంతే జరిగింది."