ఎలుగు చెవి వెనక చిక్కు

దువ్వెన ఎక్కడా ఆగలేదు. అదే ఆమెకు నచ్చలేదు.

బాల్కనీలో పాత దుప్పటి పరిచి ఎలుగును నిలబెట్టుకుంది. పుట్టుకకు కుక్కే గానీ ఒళ్ళంతా ఎలుగుబంటి బొచ్చు, అందుకే ఆ పేరు. పైబొచ్చును ఒక చేత్తో ఎత్తిపట్టి, అడుగున దూదిలా ఉండే నూగును పాయలు పాయలుగా దువ్వాలి. ఎప్పుడు దువ్వినా ఓ దిండుకు సరిపడా ఊడివచ్చేది. ఈసారి గుప్పెడు కూడా రాలేదు. తను విప్పలేక వదిలేసిన చెవి వెనక చిక్కు మాయమైంది. కత్తిరించిన ఆనవాలు లేదు. ఎవరో వేళ్ళతో ఓపిగ్గా విడదీశారు. అంతలో, పొట్ట ముట్టుకుంటే గుర్రుమనే ఎలుగు తనంతట తానే వెల్లకిలా పడుకుని కాళ్ళు పైకెత్తింది.

ఆ అలవాటు తను చేసింది కాదు.

భర్తను అడిగితే, పేపర్లోంచి తలెత్తకుండా, గాలికి రాలిందేమో అన్నాడు. బొచ్చు చూస్తేనే తుమ్ములొచ్చే మనిషి. దువ్వింది అతను కాదు. సాయంత్రం షికారంటూ కుక్కను తీసుకెళితే చీకటి పడితే గానీ రాడు. పైగా ఈమధ్య షికారుకు ఇస్త్రీ చొక్కా ఒకటి. కుక్కను ఇంత ముద్దుగా దువ్వే చెయ్యి కుక్కతోనే ఆగుతుందా అనుకుందామె. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు భర్త ఆఫీసు నుంచి రాకముందే గొలుసు తనే పట్టుకుంది.

"పద. నీకు తెలిసిన దారేగా," అంది ఎలుగుతో.

ఎలుగు పార్కు వైపు తలైనా తిప్పలేదు. మందుల షాపు దాటి సందులోకి లాక్కుపోయింది. ఆ సందును ఆమె కాళ్ళు ముందే గుర్తుపట్టాయి. ఎలుగు వెళ్ళి ఓ గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా మీద వెల్లకిలా పడింది.

అది వదినగారిల్లు. పోయిన ఎండాకాలం వీళ్ళు ఊరెళ్తూ ఎలుగును భర్త అక్క దగ్గర వదిలితే, పాపం ఉక్కపోస్తుందని ఆవిడ మిషన్ పెట్టి గొరిగేసింది. ఎండకు చర్మం కందిపోయింది. బొచ్చు నెలల తరబడి అతుకులు అతుకులుగా మొలిచింది. ఈమె నోరు జారింది: నీ చేతికి గొర్రెనివ్వాలి గానీ కుక్కను కాదని. అప్పట్నుంచి రాకపోకల్లేవు.

తలుపు తెరిచిన వదిన చేతిలో దువ్వెన ఉంది.

"ఏరా, ఇవాళ తొందరగా..." అని ఆగిపోయింది.

ఇద్దరూ కుక్కవంకే చూశారు.

"గొరక్కూడదని తెలుసుకున్నాలే," అంది వదిన చివరికి. "నీకు చెప్పొద్దని వాడితో నేనే అన్నా. తెలిస్తే పంపవుగా."

"మరి ఆ ఇస్త్రీ చొక్కాలు?"

"నలిగిన చొక్కాతో వస్తే నిన్ను ఆడిపోసుకుంటానని వాడి భయం."

నవ్వు రాబోయి ఆగింది ఆమెకు. అయితే తన మాట రోజూ ఇక్కడ నలుగుతోందన్నమాట.

"నా గురించి ఏం చెప్తాడేంటి?"

"నీ కుక్కనడుగు. అదీ ఇక్కడే కూర్చుని వింటుందిగా."

వదిన పక్కకు జరిగింది. ఆమె గడప దాటి, ఎలుగు పక్కన చతికిలబడి, దువ్వెన కోసం చెయ్యి చాచింది. వదిన తన దువ్వెన ఇవ్వలేదు. లోపలికెళ్ళి ఇంకోటి తెచ్చింది. చెరోవైపు కూర్చున్నారు. ఆమె చెయ్యి దువ్వుతూనే ఉంది గానీ, కళ్ళు మాత్రం ఆ గొరిగే మిషన్ ఏ అలమరలో ఉందోనని వెతుకుతున్నాయి.