మట్టి తిన్న బనీను

మా ఆయన బనీన్లకి కూడా ఇస్త్రీ చేసుకునే మనిషి. ఇక దానిమ్మతోట సంగతి చెప్పాలా? చెట్ల కింద రాలిన ఆకులు ఊడ్చి తగలబెడితే తప్ప ముద్ద దిగదు. ఎరువుల బస్తాలు మాత్రం ఏటేటా పెరుగుతున్నాయి, కాయలేమో ఏటేటా చిక్కిపోతున్నాయి.

"నేలకి తిండి పెట్టకుండా ఉత్త మందులు మింగిస్తే ఒంటబడుతుందా?" అని పోరి పోరి, కిందవైపు రెండు వరసలు నా చేతికి తెచ్చుకున్నాను. బాగా మాగిన పేడ ఎరువు, వంటింటి తొక్కలు, ఎండుటాకులు వేశాను. కలుపు కోసి అక్కడే పరిచాను. అటు వచ్చినప్పుడల్లా ఆయన ముక్కు చిట్లించేవారు.

ఈ ఏడు కోతలయ్యాక, "ఇది తోటా, చెత్తకుప్పా? రెండు వరసలూ దున్నించి శుభ్రం చేయిస్తా" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "చేయించండి. ముందు మీ కొత్త బనీన్లు రెండివ్వండి."

"బనీన్లెందుకే?"

"పాతిపెట్టడానికి. ఒకటి మీ చెట్టు కింద, ఒకటి నా చెట్టు కింద. నూలుబట్ట కదా, మట్టిలో ప్రాణముంటే తినేస్తుంది. రెండు నెలలయ్యాక తవ్వి చూద్దాం. నాది మిగిలితే దున్నించుకోండి. మీదొక్కటే మిగిలితే తోటంతా నా మాటే."

అత్తగారు దగ్గరుండి రెండు గోతులూ ఒకే లోతు తవ్వించారు. కొడుకని వేలెడు కూడా తగ్గించలేదు.

ఆ రెండు నెలలూ రోజూ వెళ్లి ఆ చోటు చూసి వస్తూనే ఉన్నాను. తినకపోతే నా వానపాముల గతేం కాను?

తవ్విన రోజు, ఆయన బనీను చెక్కుచెదరకుండా బయటికొచ్చింది.

"చూశావా, నాణ్యమంటే ఇదీ!" అని మురిసిపోయారు.

"సంతోషించాంలే" అని అత్తగారు దాన్ని బకెట్లో జాడించి దండెం మీద ఆరేశారు.

నా చెట్టు కింద పార దానంతటదే దిగింది. నల్లమట్టి పొడిపొడిగా విడిపోయింది. బనీను కనబడలేదు. చోటు తప్పామేమోనని అత్తగారు పక్కన కూడా తవ్వించారు. చివరికి దొరికింది కుట్టుదారం, మెడ దగ్గరి చీటీ. అవి నూలువి కావు మరి. దారం చుట్టూ తెల్లటి బూజుపోగులు అల్లుకున్నాయి. చీటీ కింద ఓ వానపాము హాయిగా పడుకుంది.

ఆయన ఆ మట్టి గుప్పిట్లోకి తీసుకుని వాసన చూశారు. గబుక్కున లేచి ఇంట్లోకి వెళ్లిపోయారు. గెలిచానన్న సంతోషం కన్నా, ఆయన నొచ్చుకున్నారేమోనన్న బెంగే నాకు ఎక్కువైంది.

కాసేపటికి తిరిగొచ్చారు. చేతిలో ఇస్త్రీ మడత నలగని బనీన్ల దొంతర.

"ఇవన్నీ పైవరసల్లో పాతిపెట్టు. నీ ఎరువు ఎక్కడ వెయ్యాలో చెప్పు, నేనే మోస్తా. వచ్చే కోతలకి తవ్వితే ఒక్కటి కూడా మిగలకూడదు."

"మరి అందాకా నువ్వేం తొడుక్కుంటావురా?" అన్నారు అత్తగారు.

ఆయన దండెం మీది మరకల బనీను చూపించారు.