టీ ఎరుగని టీ సెట్టు

నేను ఒక ఇంగ్లీషు వెండి టీ సెట్టును. నేనంటే ముగ్గురం: టీ కూజా, పంచదార గిన్నె, పాల జగ్గు. మాట్లాడుతున్న నేను కూజాను. ముక్కు పొడుగు కనుక పెత్తనం నాది.

పుట్టింది షెఫీల్డులో. నన్ను తోమి కిటికీలో పెడితే పక్క వీధి కోళ్లు తెల్లారిందనుకుని కూసేవి. ఓడలో వస్తుంటే నా తళతళకు ఒక తిమింగలం మనసు పారేసుకుని మూడు రోజులు వెంటపడింది. భీమిలి రేవులో దిగి ఒక దొరగారి బల్లెక్కాను. ఆయనకు టీ పడదు, పడే సరుకంతా సీసాల్లో ఉండేది. తన దేశం వెళ్లిపోతూ ఆయన సామాను వేలం వేస్తే, సన్యాసినాయుడు అనే ఆసామి నన్ను పాడుకుని నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

ఆ ఇంట్లో టీ మొహం చూసినవాళ్లు లేరు. నాయుడి భార్య పాల జగ్గును అటూ ఇటూ తిప్పింది. పిడికెడు గిన్నె, పిట్టముక్కులాంటి మూతి.

"ఓలమ్మో, ఇది ఉగ్గుగిన్నె కాదేటి! దొరల పిల్లలూ ఉగ్గే తాగుతారన్నమాట!"

అంతే. ఆ వాడలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఆముదం చుక్క, పాలచుక్క దానితోనే పట్టారు. పంచదార గిన్నెలో కుంకుమ పోశారు. నన్ను మాత్రం గూట్లో కూర్చోబెట్టి ఏటా దసరాకు విభూతితో తోమేవారు. ఇల్లిల్లూ తిరిగే జగ్గును చూసి, పాపం, దాసీ బతుకనుకునేదాన్ని. తోమగా తోమగా నా పొట్ట మీద ఎర్రని మచ్చ తేలింది. గొప్పింటి బిడ్డల బుగ్గలు అలాగే ఉంటాయని సరిపెట్టుకున్నాను.

నాయుడి మనవరాలు వరహాలమ్మ. మొన్నటి తుఫానుకు ఆమె వంటింటి పెంకులు ఎగిరిపోయాయి. మళ్లీ వానలు పడేలోగా కప్పు వేయించాలని మమ్మల్ని అమ్మకానికి పెట్టింది. విశాఖ నుంచి పాత సామాన్లు కొనే సోమలింగం వచ్చి, భూతద్దంతో నా అడుగు చూశాడు. నేను రాణిలా ఊపిరి బిగబట్టాను.

"ఇది రాగి అమ్మా. పైన వెండి పూత. అదీ అరిగిపోయింది. గిన్నె కూడా అంతే."

"రాగా? మా తాత దీన్ని నెత్తిమీదెట్టుకుని తెచ్చినాడు బాబూ!"

"నెత్తికేం తెలుస్తుందమ్మా?"

జగ్గు కోసం పక్కింటి నూకాలుకు కబురెళ్లింది. ఆమె మనవరాలు ఈమధ్యే నెలలు నిండకుండా పుట్టింది, దానికి జగ్గుతోనే పాలు పడుతున్నారు. చీకే బలం లేదు, ఏడ్చే ఓపికా లేదు. నూకాలు జగ్గును కొంగుతో తుడుచుకుంటూ తెచ్చింది.

సోమలింగం కళ్లు మెరిశాయి. "సింహం ముద్ర! ఇది వేరే సెట్టులోది, ఇదొక్కటే అసలు వెండి. మీ కప్పుకు సరిపడా ఇస్తాను. మిగతావి ఊరికే ఇచ్చినా వద్దు."

ఊరికే ఇచ్చినా! తిమింగలం వినలేదు కదా అని చుట్టూ చూసుకున్నాను.

"ఇచ్చీయే వరాలూ," అంది నూకాలు నేల చూస్తూ. "నెత్తిమీద వాన పడతంటే ఎలాగుంటావు? మేం చెంచాతో పాలు పడతాం."

"చెంచాతో పడితే మొన్న పొలమారి పిల్ల నీలం తిరిగింది కాదేటి? నోర్ముయ్! బాబూ, నా ఇంటికి తాటాకులు కప్పుకుంటాను. ఆ పిల్ల గొంతుకి నానేటి కప్పీది?"

జగ్గును నూకాలు చేతిలో పెట్టి, మూతి తిప్పుకుని లోపలికి పోయింది.

వానలు వచ్చాయి. తాటాకుల్లోంచి సరిగ్గా పొయ్యి మీదికే ధార కట్టింది. వరహాలమ్మ ఇల్లంతా వెతికి, ఖాళీగా కూర్చున్నది నేనొక్కదాన్నే కనుక, గూట్లోంచి దింపి ధార కింద పెట్టింది.

"నీకూ ఓ పని దొరికింది కదే," అంది.

పక్కింట్లోంచి ఏడుపు వినబడింది. వాన హోరును మించిన ఏడుపు.

"దానికి ఆకలేస్తంది!" అని వరహాలమ్మ తడిసిన మొహంతో పకపకా నవ్వింది. నవ్వుతూనే నన్ను వాకిట్లో ఒంపి, మళ్లీ ధార కింద పెట్టింది.