ముక్కు బరువు

బాబురావు మళ్లీ మోకాళ్ల మీద కూలబడి తూకం ముల్లు చూశాడు. అది భార్య మణెమ్మను అడక్కుండా బాత్రూమ్‌లోంచి తెచ్చుకున్న తూకం. దాని మీద నిలువుగా ఒక చెక్కదిమ్మ, దిమ్మ మీద చక్రాల ఇల్లులాంటి కారవాన్ ముందుకొస ఆన్చి ఉన్నాయి. ఆ కొస ట్రక్కు కొక్కెం మీద ఎంత బరువు మోపుతుందో దాన్ని ఇక్కడ ఇంగ్లండులో ముక్కు బరువు అంటారు. ముక్కు తేలికైతే రోడ్డు మీద కారవాన్ తోక ఊగుతుంది. ఎంత ఉండాలో కారవాన్ తలుపు లోపలి రేకు మీద రాసే ఉంది. ముల్లు మాత్రం అంతదాకా రానంటోంది.

"అన్నీ ముందుకే సర్దితిని గదా," అని గొణుక్కుంటూ లేచాడు. లేచేటప్పుడు మోకాలు కటుక్కుమంది. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. ఆసుపత్రి వాళ్లిచ్చిన నీలం ఫ్లీస్ కోటు సెలవు రోజున కూడా వదలడు. బర్మింగ్‌హామ్‌లో ఒక ఆసుపత్రిలో ఇరవై ఏళ్లుగా పోర్టరు. మంచాల మీదున్న రోగుల్ని వార్డు నుంచి స్కానింగుకీ, స్కానింగు నుంచి వార్డుకీ తోసుకెళ్లడం పని. ఎవరి మంచాన్నైనా తోసే ముందు కమ్మీ మీద చెయ్యేసి, "వెళ్తున్నాం, మెల్లగానే," అని ఇంగ్లీషులో చెబుతాడు. స్పృహ లేనివాళ్లకూ చెబుతాడు. తోటి పోర్టర్లు మొదట్లో నవ్వారు, ఇప్పుడు వాళ్లూ చెబుతున్నారు.

ఇంటి ముందున్న పాత ల్యాండ్ రోవర్ పికప్ ట్రక్కు ఆయన కూతురు జెమీమా కంటే వయసులో పెద్దది. ఆకుపచ్చ రంగు వెలిసి పాచి రంగుకు దిగింది. చీరాలలో కుర్రతనమంతా లారీ క్లీనరుగా గడిపిన మనిషికి స్టీరింగ్ దక్కిన మొదటి సొంత బండి అది. మణెమ్మ నర్సుగా ముందు ఈ దేశం వస్తే ఆయన వెనకాల వచ్చాడు. ఆ సంగతి ఎవరు గుర్తుచేసినా చిన్నబుచ్చుకోడు, నవ్వుతాడు. ట్రక్కును తుక్కు అంటే మాత్రం ఆ పూట వాళ్లింట్లో కాఫీ ముట్టడు.

ఇంత ప్రేమా క్రిందటేడు మీదికొచ్చింది. ఏటా ఆగస్టు సెలవుల్లో తెలుగు ఫెలోషిప్ వాళ్లంతా వేల్స్‌లోని బార్మత్‌లో సముద్రపు ఒడ్డున మూడు రోజుల ప్రార్థన కూడిక పెట్టుకుంటారు. వంట గిన్నెలు, బియ్యం మూటలు బాబురావు కారవాన్‌లోనే వెళ్లాలి. ఆయన వాటన్నిటినీ కారవాన్ వెనక కొసన పేర్చాడు. వాళ్ల నాన్న ఎడ్లబండి తోలేవాడు. కాడి ఎద్దు మెడ మీద పడకుండా బరువు వెనక్కి సర్దాలని చిన్నప్పుడే నేర్పాడు. ముసలి ట్రక్కు మెడ నొప్పి పుడుతుందని బాబురావు జాలిపడ్డాడు. ట్రక్కు ఎద్దు కాదు గదా. మోటార్‌వే మీద పెద్ద లారీ ఒకటి దాటిపోగానే వెనకాల కారవాన్ ఊగడం మొదలెట్టింది. కుడికీ ఎడమకీ, ఇంకా కుడికీ. గాభరాలో ఆయన బ్రేకు తొక్కాడు. అప్పుడు తొక్కితే ఊగుడు ఇంకా పెరుగుతుందని తర్వాత తెలిసింది.

రోడ్డు పక్కన బండి ఆగాక మణెమ్మ అరవలేదు, ఏడవలేదు. హ్యాండ్‌బ్యాగ్ గుండెకు హత్తుకుని దిగి, కూతురికి ఫోన్ చేసింది. ఆ రోజు నుంచి ఈ ట్రక్కెక్కలేదు. ప్రతి ఆదివారం చర్చికి ఆయన బండిలో, ఆవిడ బస్సులో. ఇద్దరూ ఒకే బల్ల మీద పక్కపక్కనే కూర్చుని ప్రార్థన చేసుకుంటారు, మళ్లీ ఎవరి దారిన వాళ్లు ఇంటికొస్తారు. పాస్టరుగారు కూడా అడగడం మానేశారు. బాబురావు మాత్రం ఖాళీగా ఉండే ఎడమ సీటును ప్రతి ఆదివారం తుడిచే బండి తీస్తాడు. ఈసారి ఆవిడ పక్కన కూర్చుంటే చాలు, ఆయనకు ఇంకేం అక్కర్లేదు.

అందుకే ఏడాదంతా ట్రక్కు కిందే గడిపాడు. తుప్పు పట్టిన అడుగుకమ్మీని మెకానిక్కు చేత కోయించి కొత్తది అతికించాడు, టైర్లు మార్పించాడు. కారవాన్ వెడల్పుకు సరిపడా పక్క అద్దాలు పొడుగువి తగిలించాడు. ఊగుడును ఆపే కొత్త కొక్కెం కొన్నాడు. బియ్యం మూటల్ని చక్రాల పైకి, గిన్నెల్ని వాటి ముందుకి చేర్చాడు. అయినా ముక్కు తేలికగానే ఉంది.

కారవాన్ ఎక్కి వెనక వంటగట్టు కింది తలుపు తీశాడు. లోపల తువ్వాలు చుట్టి రోలుంది. ఒంగోలు నుంచి మణెమ్మ సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చుకున్న రాతి రోలు. ఇదేమిటమ్మా అని ఎయిర్‌పోర్టులో ఆఫీసరు అడిగితే, వంటగది అని చెప్పిందట. అందులో నూరిన గోంగూర పచ్చడి లేకపోతే కూడికలో భోజనాల దగ్గర గొడవే. పొద్దున్నే ఆయన చూడకుండా తెచ్చి పెట్టినట్టుంది.

"తను జెమీమా కారులో వస్తానంది, రోల్ని మాత్రం నాతో పంపిస్తంది," అనుకున్నాడు. కోపం రాలేదు, నవ్వొచ్చింది. రెండు చేతులా ఎత్తి పొట్టకు ఆనించుకుని, నడవాలో అడుగులో అడుగేసుకుంటూ తెచ్చి చక్రాల పైన బియ్యం మూటల మధ్య కూర్చోబెట్టాడు. కదలకుండా దుప్పటి దోపాడు. కిందికి దిగి చూస్తే ముల్లు రేకు మీద రాసినచోటే నిలబడింది. ఎవరూ చూడకపోయినా బాబురావు తల ఆడించాడు. ఆయనకెంతో తృప్తిగా ఉంది.

కారవాన్‌ను కొక్కేనికి తగిలించి, వైరు ప్లగ్గు పెట్టాడు. లైట్లు వెలుగుతున్నాయో లేదో ఇక ఒక్కడివల్ల తేలదు.

"మణీ, ఒక్కసారి రావా? వెనకమాల నిలబడి చూస్తే చాలు."

మణెమ్మ తడిచేతులు పైటకు తుడుచుకుంటూ వచ్చి, బండికి ఎడంగా నిలబడింది. ఆయన లోపల కూర్చుని మీట కదిపాడు.

"కుడి?"

"వెలిగింది."

"ఎడమ?"

"లేదండీ."

దిగొచ్చి ప్లగ్గు ఊడదీసి, పిన్నుల్ని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పెట్టాడు. ఈసారి వెలిగింది. బ్రేకు తొక్కితే ఎర్రగా రెండూ వెలిగాయి. మణెమ్మ వెళ్లిపోలేదు. కొక్కెం దగ్గర వేలాడుతున్న సన్నటి ఎర్ర తీగను వేలితో తాకింది.

"ఈ తీగేందండీ?"

"కొక్కెం ఊడిపోయిందనుకో, ఈ తీగ లాక్కుని కారవాన్ బ్రేకులు పట్టేస్తది. తగిలించాలని నాకు పోయినేడు తెలవదు. బరువూ వెనకే ఏశా. నిన్ను కూర్చోబెట్టుకుని జోరుగా పోయా."

ఆవిడ కారవాన్‌లోకి తొంగిచూసింది. మూటల మధ్య దుప్పటి కప్పుకుని రోలుంది.

"రోలు మధ్యలోకి తెచ్చారా?"

"తెచ్చా. వెనకుంటే ఊగుద్ది. అక్కడైతే ఏం కాదు."

"అసలు లేకపోతే ఇంకా నిమ్మళంగా పోద్దా?"

అబద్ధం చెప్పడం బాబురావుకు చేతకాదు. "పోద్ది, కొంచెం. ఉన్నా భయం లేదు మణీ, నేను తూచా."

అప్పుడే జెమీమా కారు వచ్చి ఆగింది. అద్దం దించి, "మమ్మీ, రెడీ? లెట్స్ గో బిఫోర్ ద ట్రాఫిక్," అంది.

మణెమ్మ ఇంట్లోకి వెళ్లి హ్యాండ్‌బ్యాగ్ తెచ్చుకుంది. కారు దగ్గరికి వెళ్లి కూతురి బుగ్గ తట్టి, "నువ్వు ముందు పో తల్లీ, మేం మెల్లగా వస్తాం," అంది. జెమీమా ఒకసారి తల్లినీ, ఒకసారి ట్రక్కునీ చూసింది. "ఆర్ యూ ష్యూర్, మమ్మీ?" మణెమ్మ చెయ్యి ఊపింది. కారు వెళ్లిపోయింది.

"ఏవండీ, రోలు దించండి," అంది మణెమ్మ. "ఈసారికి మిక్సీ పచ్చడి తింటార్లే. పోయేది మనం గదా, తేలిగ్గానే పోదాం."

బాబురావు వద్దనబోయి ఆగి, కారవాన్ ఎక్కాడు. రోలు మోసుకొచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. దాని కోసం మళ్లీ ఇంటి తలుపు తెరవనివ్వలేదు ఆవిడ, ఎవరెత్తుకుపోతారు అంది. ఆయన మరోసారి ముక్కు తూచి, ఒక గిన్నెను జానెడు జరిపి, కొక్కెం బిగించి, తీగ తగిలించాడు. చెట్లు ఆకు కదపని మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేరు.

మణెమ్మ ఎడమ సీట్లోకెక్కి బెల్టు పెట్టుకుంది. బ్యాగును గుండెకు హత్తుకోలేదు, కాళ్ల దగ్గర పెట్టింది. బాబురావు తాళం తిప్పాడు. ముసలి ఇంజను దగ్గి అందుకుంది. బండి కదిలించబోయి ఆగి, ఆవిడ సీటు అంచు మీద చెయ్యేశాడు.

"వెళ్తున్నాం మణీ. మెల్లగానే."

ఆవిడ ముందుకు చూస్తూనే తలూపింది. ట్రక్కు, దాని వెనక తెల్లటి కారవాన్ గేటు దాటి వీధి మలుపు తిరిగాయి, తోక ఊగలేదు.

గుమ్మం పక్కన నల్లటి రోలు ఒక్కటే మిగిలింది, పొద్దున కడిగిన తడి దాని గుంటలో ఇంకా ఆరలేదు.