విరిగిన షాఫ్టుకు రెండో ముఖం

ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. ఈ కథ ఎవరికి చెప్పినా, సగానికి రాకముందే అత్తను తిట్టడం మొదలుపెడతారు. నేను వాళ్లను ఆపను. కాసేపు తిట్టనిస్తాను. మీరూ తిట్టుకోండి, ఏం కాదు.

అత్త పేరు శారమ్మ. క్రిస్మస్ ఇంకో వారం ఉందనగా, నిజామాబాద్‌లో తమ ఇంటి వాకిట్లో పీట వేసుకుని కూర్చుని, ఇంట్లో ఉన్న ఇత్తడి సామానంతా చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమింది. బిందెలయ్యాయి, చెంబులయ్యాయి, పాస్టరుగారు వస్తే తప్ప బయటికి తీయని పెద్ద పళ్లెం కూడా అయింది. ఆ తర్వాత గోడ పక్కన గోనెసంచి కప్పి ఉన్న ఇనుప దిమ్మ మీద ఆమె చూపు పడింది. పొద్దు వాలేసరికి అది అద్దంలా మెరిసింది. అప్పుడే కోడలు కృపామణి ఒక చేతిలో జవాబు పత్రాల కట్ట, ఇంకో చేతిలో దారిలో కొన్న మెంతికూరతో గేటు తీసింది. దిమ్మను చూసింది. మెంతికూర కింద పడిపోయింది. జవాబు పత్రాలు మాత్రం పడలేదు, అలవాటు అలాంటిది.

కృపామణి ఊరి బయట ఉన్న ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ ప్రొఫెసర్. లోహాలు ఎలా అలసిపోతాయన్నది ఆమె పరిశోధన. నిజమే, అలసిపోతాయి. ఎంత పెద్ద దెబ్బకైనా విరగని ఉక్కు, చిన్న చిన్న బరువులు మళ్లీ మళ్లీ మోసి, ఎక్కడో ఒకచోట వెంట్రుకంత చీలుతుంది. ఆ చీలిక రోజూ రవ్వంత పెరుగుతుంది. చివరికి ఏ మామూలు రోజునో, రోజూ మోసే బరువుకే, ఠక్కున విరుగుతుంది. చూసినవాళ్లు నిన్నటిదాకా బాగానే ఉంది కదా అంటారు. ఈ పాఠం మాకు చెప్తున్నప్పుడు, ఆమె క్లాసులో వెనక బెంచీ ఆడపిల్లలం ఒకరినొకరం చూసుకుని నవ్వేవాళ్లం. ఎందుకని మేడం అడగలేదు. అడిగినా మేం చెప్పేవాళ్లం కాదు.

డిపార్ట్‌మెంట్‌లో ఆమె ఒక్కతే ఆడమనిషి. దాంతో తనిఖీ కమిటీ వచ్చిన ప్రతిసారీ పూలగుత్తులు, టీ, బిస్కెట్లు ఆమె ఖాతాలోకే వచ్చేవి. హెడ్డుగారు చాలా మర్యాదగా చెప్పేవారు, మీ చేతిమీదుగా అయితే అందంగా ఉంటుంది మేడం అని. ల్యాబులో మైక్రోస్కోపు బల్బు కాలిపోయి రెండేళ్లయింది, అది ఎవరి చేతిమీదుగా అయితే అందంగా ఉంటుందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఇంటికొస్తే ఇంకో రకం. భర్త స్నేహితులు వచ్చినప్పుడు ఆమె పరిశోధన ఒక నవ్వులాట. మేం కూసుంటే కుర్చీలు విరుగుతాయా మేడం, జర చూసి చెప్పండి, అనేవాళ్లు. ఆయన కూడా నవ్వేవాడు. ఆమె పకోడీలు వేసేది.

భర్త ప్రభుదాస్ బోధన్ వైపు ఒక చక్కెర మిల్లులో మెయింటెనెన్స్ ఇంజనీరు. ఆ ఏడు చెరకు సీజన్ మొదలైన కొన్నాళ్లకే మిల్లులో చెరకు నలిపే పెద్ద రోలరు షాఫ్టు విరిగింది. మిల్లు ఆగింది. రోడ్డు పొడుగునా బండ్లు, ట్రాక్టర్లు నిలబడిపోయి, కోసిన చెరకు ఎండలో ఎండింది. రైతులు గేటు ముందు కూర్చున్నారు. స్పేర్ రోలరు ఎక్కించి మిల్లు మళ్లీ తిప్పారు గానీ, మేనేజ్‌మెంట్ ఊరుకోలేదు, ఎందుకు విరిగిందో చెప్పమంది.

దానికి ముందే కృపామణి భర్తను అడిగింది, విరిగిన చోటు ఒక ముక్క కోయించి ఇమ్మని. చక్కెర మిల్లు షాఫ్టుల మీదే ఆమె పని, అయినా ఇన్నేళ్లలో తాజాగా విరిగిన ముఖం ఒక్కటీ ఆమె చేతికి రాలేదు. ఆయన అప్పటికి మంచి మూడ్‌లో ఉన్నాడు. గ్యాస్‌తో ఒక దిమ్మ కోయించి, ఇద్దరు మనుషులతో ట్రాలీలో పంపించాడు. వాళ్లు దింపుతుంటే వాళ్ల ముందే అన్నాడు, మా మేడంకు పట్టుచీరలొద్దు, తుక్కు గావాలె, అని. ఆమెకు కోపం రావాల్సింది. ముక్క చూసి సంతోషంలో మర్చిపోయింది. విరిగిన ముఖానికి నూనె రాసి, గోనెసంచి కప్పి, దీన్ని ఎవ్వరూ ముట్టుకోవద్దని ఇంటిల్లిపాదికీ చెప్పింది. సెలవుల్లో హైదరాబాద్ తీసుకెళ్లి పెద్ద మైక్రోస్కోపు కింద పెట్టాలని ఆశ.

ఈలోపు ప్రభుదాస్ మేనేజ్‌మెంట్‌కు కారణం చెప్పేశాడు. చెరకుతో పాటు ఇనుప ముక్క వచ్చి రోలర్లలో పడిందని, చెరకును రోలర్ల దాకా మోసే పట్టా దగ్గర నిలబడే హన్మండ్లు చూసుకోలేదని. హన్మండ్లును పనిలోంచి తీసేశారు. రెండు రోజులకు అతని భార్య సత్తవ్వ నవీపేట్ నుంచి బస్సెక్కి వీళ్ల ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప దగ్గరే కూర్చుంది.

"ఇనుప ముక్క వస్తే సూడకుంట ఉంటనా అంటుండమ్మా మా ఆయన. అన్నం తింటలేడు. సారుకు ఒక్క మాట చెప్పుండ్రి."

ఆ రోజు ఆమెను పంపించి, కృపామణి గోనెసంచి తీసి, దిమ్మను ఎండలో బాగా చూసింది. ఇనుప ముక్క పడి ఒక్కసారిగా విరిగితే ముఖమంతా గరుకుగా ఉండాలి. ఇక్కడ అలా లేదు. చెరువులో రాయి వేస్తే లేచినట్టు, ఒక అంచు నుంచి అలలు అలలుగా గీతలు. ఒక్కో గీత చీలిక కాసేపు ఆగి మళ్లీ కదిలిన చోటు. ఆ అలలన్నీ ఎక్కడి నుంచి లేచాయో చూస్తే, వెల్డింగ్ చేసిన అంచు దగ్గర తేలింది. ఎండాకాలంలో ఆ షాఫ్టు అరిగిపోతే, కొత్తది కొనకుండా వెల్డింగ్ చేసి తిప్పితే సరిపోతుందన్నది ప్రభుదాసే. ఖర్చు తప్పించాడని ఆయనకు శాలువా కూడా కప్పారు. షాఫ్టు అప్పటి నుంచీ చీలుతూనే ఉంది.

రాత్రి భోజనాల దగ్గర ఆమె ఆయనకు అంతా చెప్పింది. క్లాసులో చెప్పినంత నెమ్మదిగా, గిన్నె బోర్లించి దాని మీద వేలితో గీసి చూపిస్తూ చెప్పింది. ఈ గీతలే సాక్ష్యం, వీటిని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, హన్మండ్లు తప్పేమీ లేదు అంది. ప్రభుదాస్ తింటూ విన్నాడు, అసలు విన్నాడో లేదో.

"పప్పుల ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఆమె లేచి ఉప్పు తెచ్చింది. ఆయన ఎప్పటిలాగే వినలేదనుకుంది. పెళ్లయిన కొత్తలో దీనికి ఏడ్చేది. తర్వాత కోపం తెచ్చుకునేది. ఇప్పుడు గోడకు పాఠం చెప్పి వచ్చినట్టు చేతులు దులుపుకుంది. సెలవులు రానీ, పెద్ద ఫొటోలు తీయించి ముందు పెడితే గోడ కూడా వింటుంది అనుకుంది.

ఇది జరిగిన రెండు రోజులకే వాకిట్లో దిమ్మ మెరిసింది.

"నీ ఇనుముకు గూడ పండుగ వచ్చింది సూడు బిడ్డా" అంది శారమ్మ. కోడలు మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ రెండు భుజాలూ ఒత్తుకుంటోంది. "రెక్కలు వడిపోయినయి. చింతపండుకు లొంగలేదది. నా కొడుకు పొద్దుగాల పోవుకుంట గరుకు రేగ్‌మాల్ కాయిదం ఇచ్చిండు, గీతలు పోయేదాంక రుద్దవ్వా అని. పూలకుండీ కిందికి మంచిగుంటదట. ఒక్క గీత లేకుంట పోయినయి సూడు."

కృపామణి నోట్లో అప్పటికే నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. చదువులేని మనిషి, ఇంకొకరి వస్తువు, ఎన్నిసార్లు చెప్పాను, ఇలాంటివే. అవి అక్కడే ఆగిపోయాయి. గీతలు పోయేదాకా. ఆ మాట చదువులేని మనిషిది కాదు. తుప్పు పోవాలని కాదు, మురికి పోవాలని కాదు, గీతలు పోవాలని రేగ్‌మాల్ ఇచ్చి వెళ్లాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ప్రభుదాస్ తన మాట ఇంత శ్రద్ధగా వినడం ఇదే మొదటిసారి. ఎక్కడ మొదలైందో, ఏది సాక్ష్యమో, ఏది పోతే ఏం మిగలదో, అన్నీ విన్నాడు. విని, ఉప్పు అడిగాడు. పైగా ఆ పని కూడా తను చేసుకోలేదు. తన చేయి మాసిపోకుండా, ఎప్పటిలాగే ఇంట్లో ఆడమనిషి చేత చేయించాడు. రోజంతా ఎండలో అరిగింది ఆ ముసలామె రెక్కలు.

మీరింకా అత్తను తిడుతుంటే, ఇక ఆపేయొచ్చు.

చీకటి పడ్డాక ప్రభుదాస్ వచ్చాడు. ఆమె అరవలేదు. రేగ్‌మాల్ ఎందుకిచ్చారని ఒక్కటే అడిగింది. తుప్పు పట్టిన ముక్క, అమ్మ సాఫ్ చేసింది, దానికింత రంది ఎందుకు అన్నాడు. షర్టు గుండీలు విప్పుకుంటూ గొంతు తగ్గించి, హన్మండ్లుకు ఇంకో చోట ఏదో ఒక పని చూపిస్తానులే అన్నాడు. ఈ ఇంటి ఇజ్జత్ నీది కూడా కదా అన్నాడు. చివరికి చాయ్ పెట్టమన్నాడు. ఆమె పెట్టింది. పాలు పొంగే దాకా పొయ్యి దగ్గర నిలబడి, తన మీద తనకే వచ్చిన విసుగును కూడా అందులోనే మరగబెట్టింది. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని హైదరాబాద్ పోవాలి, ఏ ముఖం చూపించాలి అనుకుంటూ ఉంటే, తను ప్రతి ఏడాదీ మొదటి క్లాసులోనే చెప్పే మాట గుర్తొచ్చింది. విరిగిన దేనికైనా ముఖాలు రెండు. ఒకదాని మీద ఎత్తున్న చోట రెండోదాని మీద లోతుంటుంది. రెండూ ఒకే కథ చెప్తాయి.

రెండో ముఖం మిల్లు తుక్కు దొడ్లో ఉంది. అది ప్రభుదాస్‌కు తెలియక కాదు. ఆయన లెక్కలో, ఆ గేటు లోపలికి ఇళ్లల్లోని ఆడవాళ్లు వచ్చేది ఆయుధపూజ రోజు ప్రసాదానికే. అంతకు మించి ఆయనకు తోచలేదు.

మర్నాడు ఆయన వెళ్లిన గంటకు కృపామణి కాలేజీకి సెలవు చెప్పి, సంచిలో అసిటోన్ సీసా, దూది, పల్చటి ప్లాస్టిక్ ఫిల్ము ముక్కలు పెట్టుకుంది. ఆ ఫిల్మును అసిటోన్‌తో మెత్తబరిచి ఇనుము మీద ఒత్తితే, ఆరాక అక్కడున్న గీతలన్నీ దాని మీదికి వస్తాయి. ఇనుమును మోసుకురానక్కర్లేదు. వాకిట్లో బియ్యం ఏరుతున్న శారమ్మ ఎక్కడికని అడిగింది. కృపామణి దాచకుండా మొత్తం చెప్పింది. రేగ్‌మాల్ ఎందుకిచ్చాడో కూడా చెప్పింది.

శారమ్మ చేట ఒడిలోకి లాక్కుంది.

"నా కొడుకు నౌకరి వోతే?"

"సత్తవ్వ మొగనిది పోయింది గద అత్తమ్మా."

ముసలామె పొమ్మనలేదు, వద్దనలేదు. ఒక రాయి ఏరి అవతల పారేసి, ఇంకో పిడికెడు బియ్యం ముందుకు లాక్కుంది. కృపామణి బోధన్ బస్సెక్కింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. "ప్రభుదాస్ సార్ వాళ్ల మేడం గద. కూసోండ్రి, సారును పిలుస్త."

"సారును పిలవకు. నేను ఇంజనీరింగ్ కాలేజీ నుంచి వచ్చిన. విరిగిన షాఫ్టు చూడాలె. మేనేజర్ సారుకు చెప్పు."

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ గొంతు తనదేనని తెలియడానికి ఆమెకూ కొంచెం సేపు పట్టింది.

మేనేజరు బాపురావు పెద్దాయన. తుక్కే కదా, చూసుకోండి మేడం అని నవ్వి, దొడ్డి దాకా తనే వచ్చి, నీడలో నిలబడ్డాడు. షాఫ్టు రెండో సగం పాత చైన్ల మధ్య పడి ఉంది. విరిగిన ముఖం మీద గ్రీజు మందంగా పట్టి ఉంది, తుప్పును అదే రానివ్వలేదు. ఆమె చీర కొంగు నడుముకు చుట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, దూదితో గ్రీజు తుడిచింది. అలలు కనిపించాయి. ఫిల్ము తడిపి అంచు దగ్గర ఒత్తి పట్టుకుంది. అంతలో వెనక నుంచి తెలిసిన చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఇంటికి పోయినంక మాట్లాడుదాం. లే" అన్నాడు ప్రభుదాస్, మేనేజరుకు వినపడనంత మెల్లగా.

"ఇంకా ఆరలేదు" అందామె, తల తిప్పకుండా.

ఆయన నిలబడ్డాడు. ఆమె వేళ్లు కదపలేదు. ఆరాక ఫిల్మును ఒక మూల నుంచి నెమ్మదిగా ఊడదీసి, లేచి, ఎండకు పట్టి చూసింది. అన్నీ వచ్చాయి.

"బాపురావు సార్, జర ఇటు రండ్రి" అంది, అందరికీ వినపడేటట్టు. "ఇది ఇనుప ముక్క పడి విరగలేదు. వెల్డింగ్ అంచు కాడ చీలుడు మొదలైంది, ఎండాకాలం నుంచి పెరుగుకుంట వచ్చింది. హన్మండ్లుకు దీంతోటి ఏం సంబంధం లేదు. వెల్డింగ్ ఎందుకు చేయించిండ్రో, సారు ఇక్కడనే ఉన్నడు, అడుగుండ్రి."

హన్మండ్లును ఆ సీజన్‌లోనే వెనక్కి పిలిచారు. ప్రభుదాస్‌కు మాట పడింది, ఉద్యోగం పోలేదు. మా మేడం పరిశోధన పూర్తయింది. ఆ ఇంట్లో ఉండి మాత్రం కాదు.

ఏదో ఒక గేటు ముందు నిలబడి, ఫలానా వాళ్ల మేడంను కాదు, నేను నేనుగా వచ్చాను అని మీరెప్పుడైనా చెప్పి ఉంటే, నాకు రాయండి. చెప్పాలనుకుని, వాళ్లు చూపిన కుర్చీలో కూర్చుండిపోయి ఉంటే, అది కూడా రాయండి.