త్రీ బీహెచ్‌కే కురుమూర్తి

టీవీఎస్ బండిని రెండుసార్లు తన్ని, మూడోసారి బతిమాలితే గానీ కురుమూర్తికి తెల్లవారదు. గద్వాలలో కిరాయి ఇండ్లు చూపించడం అతని పని. బక్కపలుచని మనిషి. జేబులో మూడు పెన్నులు, ఒక్కటీ రాయదు. మొలకు పద్నాలుగు తాళంచెవుల గుత్తి. ఏది ఏ ఇంటిదో గుర్తుండడానికి భార్య జములమ్మ, మగ్గం మీద మిగిలిన పట్టుపోగులు వాటికి కట్టింది. పచ్చవి కోట వెనక పాత ఇండ్లవి, పసుపువి బస్టాండు దగ్గరి పోర్షన్లవి. ఎర్రపోగు ఒక్కదానికే. ఊరి చివర కొత్త అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తు, లిఫ్టున్న త్రీ బీహెచ్‌కే.

కొత్త ఆఫీసులు వచ్చాక ఊళ్లో అందరికీ లిఫ్టు ఇల్లే కావాలి. అయినా ఎర్రపోగు ఇల్లు నాలుగు నెలలుగా ఖాళీ. ఓనరు భరత్ పొద్దున్నే ఫోన్ చేశాడు.

"కురుమూర్తన్నా, ఇయ్యాల కిరాయికి పోకుంటే తాళంచెవి ఇచ్చెయ్. ఆన్‌లైన్ల పెడ్త."

కురుమూర్తి మొలనున్న గుత్తిని తడుముకున్నాడు. ఒకరు తీసుకుంటే అందరూ తీసుకుంటారు. తాళాలు లేని కురుమూర్తిని ఊళ్లో ఎవరు పలకరిస్తారు?

అదృష్టం బాగుండి అచ్చంపేట నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ పూర్ణిమ ఇల్లు చూడ్డానికి వచ్చింది. గదులన్నీ తిరిగి, "బాగుంది కాకా, తీసుకుంట" అంది.

అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ కురుమూర్తికి నిజాయితీ అనే రోగం ఉంది.

"జర సోంచాయించుండ్రి మేడమ్. త్రీ బీహెచ్‌కేల నీళ్లకు పరేషాన్. మూడు దినాలకొక్కసారి వస్తయి."

"ఎవరు చెప్పిన్రు?"

"పేర్లనే ఉంది గద! బీ అంటే బెడ్డు, హెచ్ అంటే హాలు, కే అంటే కృష్ణ. కృష్ణ నీళ్లు. టూ బీహెచ్‌కేల రెండు దినాలకొకసారి."

పూర్ణిమ నవ్వీ నవ్వీ నేల మీద కూలబడింది. "కే అంటే కిచెన్ కాకా! వంటిల్లు!"

ఎనిమిదేళ్ల కింద అతను చూపించిన మొదటి ఫ్లాటు టూ బీహెచ్‌కే. ఆ గల్లీలో నీళ్లు రెండు రోజులకొకసారి వచ్చేవి. మిగతాది సొంత తెలివి. ఇక్కడ వాచ్‌మన్ మహేందర్‌ని అడిగితే, కింది నల్లాకు రోజూ పొద్దున కృష్ణ నీళ్లు వస్తాయన్నాడు. ఈ నాలుగు నెలల్లో బ్యాంకు మేనేజరునూ, ఇంజనీరునూ, ఇద్దరు లెక్చరర్లనూ చేతులు జోడించి వెనక్కి పంపింది తనే. కురుమూర్తి సిగ్గుతో చచ్చిపోయాడు.

డాక్టరమ్మ మర్నాడు మధ్యాహ్నం దిగుతానంది. ఇల్లు కిరాయికి పోయిందని మాత్రం చెబితే చాలు. భరత్ దగ్గర కూడా రోగం ఊరుకోలేదు.

"ఇన్ని దినాలు నేనే ఖాళీ పెట్టిన సారూ."

భరత్ కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత చెయ్యి చాచాడు. "ఇచ్చెయ్ అన్నా."

"పొద్దుగాల ఒక్క పనుంది. అయినంక ఇస్త."

సాయంత్రానికి కథ ఊరంతా పాకింది. ఓనర్లు ఒక్కొక్కరే వచ్చి తమ తాళంచెవులు పట్టుకుపోయారు. జములమ్మ అంతా విని, మగ్గం ఆపి, అమాయకంగా అడిగింది.

"అయితే కే అంటే కృష్ణ కాదా?"

రోజంతట్లో కురుమూర్తి మొదటిసారి నవ్వాడు. ఎనిమిదేళ్లుగా తనను నమ్మిన మనిషి ఒకరున్నారు.

మర్నాడు మధ్యాహ్నం పూర్ణిమ భరత్ చేతి నుంచి తాళంచెవి తీసుకుంది. దానికి పోగు లేదు. తలుపు తీసి వంటింట్లోకి వెళ్లింది. గట్టు మీద మూత పెట్టిన బిందె నిండా కృష్ణ నీళ్లు, దాని మెడకు ఎర్రటి పట్టుపోగు.