ఉప్పు వేయని పప్పు

నా మొగుణ్ణి చంపినవాడు నా గడపలోకే వచ్చి అన్నం అడిగాడు. అల్లా నా మొర విన్నాడని అప్పుడు నమ్మాను.

వాడు నన్నెప్పుడూ చూడలేదు. వేసవిలో లాలాగూడ ఇంటికి రజాకార్లను వెంటేసుకుని వచ్చినప్పుడు నేను పరదా వెనక ఉన్నాను. రైలు పట్టాల కింద వాళ్ళు పెట్టిన మందుగుండు సంగతి స్టేషన్లో చెప్పాడని నా వలీని వాకిట్లోకి ఈడ్చి కాల్చారు. కాల్చింది ఈ చెవి తమ్మె తెగినవాడే. పరదా సందులోంచి కళ్ళారా చూశాను.

తర్వాత మెట్టుగూడకు మారి ఒంటరిగా ఉంటున్నాను. యూనియన్ సైన్యం సికింద్రాబాద్‌లో దిగగానే రజాకార్లు గడ్డాలు గీయించుకుని ఎక్కడివాళ్ళక్కడ నక్కారు. వీడు మూట చంకన పెట్టుకుని నా ఇంట్లో దూరాడు.

"పరేషాన్‌ల ఉన్న బహెన్. పొద్దుగూకేదాంక జాగియ్యి. మనోళ్ళ ఇల్లని వచ్చిన."

మనోళ్ళట! ఒళ్ళు మండింది. కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చోమన్నాను. మూట కింద పెడితే ఇనుము చప్పుడైంది.

పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. గూట్లో ఎలుకల మందుంది. చెయ్యి దాని మీదికే పోయింది. పాపభయం ఏమీ కలగలేదు. నన్ను ఆపింది దురాశ. వీడొక్కడు చస్తే నాకు చాలదు, మిగతావాళ్ళూ కావాలి. వాళ్ళెక్కడున్నారో శవం చెప్పదు కదా. ఎవరైనా రజాకారని అనుమానం వస్తే మీరు చెయ్యి చేసుకోవద్దు, రైలు గేటు దగ్గరి మిలిటరీ చౌకీలో చెప్పండని పొద్దున్నే దండోరా వేశారు.

మందు గూట్లోనే వదిలేశాను. పప్పులో ఉప్పు కూడా వేయలేదు. మనం ఉప్పు వేసి అన్నం పెట్టిన మనిషికి కీడు తలపెట్టకూడదన్నది మా అత్త నేర్పిన పద్ధతి.

వాడు ఒక ముద్ద తిని మొహం చిట్లించాడు. "ఉప్పేది?"

"అయిపోయింది భాయ్. పక్కింట్ల అడిగొస్తా."

పక్కింటి విమలమ్మ చెవిలో చెప్పాను. "అక్కా, వలీని చంపినోడు మా ఇంట్ల కూసున్నడు. మూటల ఇనుము సుత ఉంది. చౌకీకి ఉరుకు!" ఆమె చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తింది.

నేను వట్టిచేతులతో వచ్చాను. "వాళ్ళింట్ల సుత లేదంట. అక్క దుకాణానికి పోయింది, తెస్తది."

వాడు తింటూనే అడిగాడు. "నీ మొగుడేం చేస్తడు?"

"రైల్వేల ఉండె. దుష్మన్లు చంపిన్రు."

"ఫికర్ చెయ్యకు బహెన్. బదలా తీరుస్తం."

"తీరుతది," అన్నాను. మళ్ళీ పప్పు వడ్డించాను.

సిపాయిలు వచ్చేసరికి వాడి చెయ్యి ఇంకా కంచంలోనే ఉంది. మూటలో పిస్తోళ్ళు, మందుగుండు బయటపడ్డాయి. రెక్కలు విరిచి కడుతుంటే నా వైపు తిరిగి అరిచాడు.

"అన్నం పెట్టి పట్టిస్తవా? ఉప్పుకు ద్రోహం చేస్తవా, నమక్ హరామ్!"

కొంగు తీసి మొహం చూపించాను.

"లాలాగూడ వలీ పెండ్లాన్ని. నా ఇంట్ల ఉప్పెప్పుడు తిన్నవురా?"